నీ ఓటు సంగతి

లూకన్, ఐర్లాండ్,
ఆదివారం ఉదయం.

చి.ల.సౌ. ఉమకు,

ఇక్కడ నేనూ మన అమ్మాయి సహస్రా బాగానే ఉన్నాం. అక్కడ రాజమండ్రిలో నువ్వూ, మీ అక్క మంగతాయారు వదినగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదినగారు కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారని రాశావు, సంతోషం. మోకాలి ఆపరేషన్ అయ్యాక మొదటి నెల బద్ధకిస్తే తర్వాత ఏడాదంతా ఏడవాల్సి వస్తుంది. నేను చెప్పానని చెప్పు. అక్కడి డాక్టరు మాట వినకపోయినా మరిది మాట వింటారు.

నీ ఉత్తరం నీతోపాటు ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో పనిచేసే ఫెబి సెలవు నుంచి వస్తూ తెచ్చి ఇచ్చింది. నువ్వుల పొడి కూడా ఇచ్చింది. సగం డబ్బా అయిపోయింది. నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తాను. బాయిలర్ సర్వీసింగ్ అయింది. పక్కింటివాళ్ల చెత్త డబ్బా ఇంకా మన గేటుకే అడ్డంగా ఉంటోంది, నేను ఇంకా ఏమీ అనలేదు. బీపీ మాత్ర డోసు మా ఫ్యామిలీ డాక్టరు పెంచాడు. ఉప్పు తగ్గించమన్నాడు, నేను నా రోగులందరికీ చెప్పేదే వాడు నాకు చెప్పాడు. సహస్ర పొద్దున్నే లేస్తోందా అన్నావు. లేస్తోంది గాని మనిషి లేచినట్టు ఉండదు, ఫోన్ లేచినట్టు ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. "నా ఓటు సంగతి ఏమైంది? ఫోన్లో ఒక ముక్క చెప్పి మాట మార్చేశారు. అక్క పక్కనే ఉంటుంది కనుక గుచ్చి గుచ్చి అడగలేను. మొదటి నుంచీ రాయండి" అన్నావు. మొదటి నుంచీ రాస్తాను. అలా రాస్తేనే చివరిది రాయగలుగుతానేమో.

పోయిన అక్టోబరులో మన తలుపు సందులోంచి పడిన కవరు గుర్తుందా? దాని మీద పేరు లేదు. 'ఈ ఇంట్లో ఉండేవారికి' అని ఉంది. ప్రభుత్వం రాజ్యాంగ సదస్సు పెడుతోందనీ, దేశాన్ని పాలించే తీరు ఎలా మారాలో మామూలు జనమే కూర్చుని చెప్పాలనీ, చీటీలు తీసినట్టు ఇళ్లను ఎంపిక చేశామనీ, పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరైనా ఒకరు పేరు ఇవ్వవచ్చనీ అందులో ఉంది. ఈ దేశ పౌరులే అయి ఉండాలన్న నియమం కూడా లేదు. ఆ కవరు చించింది నువ్వు, చదివింది నువ్వు. "నేను వెళ్తానండీ" అన్నది నువ్వు. "నీకెందుకా గొడవ? ఇక్కడి పాస్‌పోర్టు ఉన్నది నాకు కదా" అని నీ చేతిలోంచి కాగితం తీసుకున్నది నేను. నువ్వు గరిటె పట్టుకుని మళ్లీ పొయ్యి దగ్గరకు వెళ్లిపోయావు. నువ్వు మరిచిపోయి ఉంటావు. నాకు మాత్రం ఈ వారమంతా అదే గుర్తొస్తోంది.

చెప్పొద్దూ, మొదటి శనివారమే నాకు ఆ సదస్సంటే రోత పుట్టింది. ఊరి బయట పెద్ద హోటలు, కాలు కూరుకుపోయే తివాచీ, మధ్యాహ్నం చల్లారిన చేప. బల్లకు ఎనిమిది మంది చొప్పున మమ్మల్ని కూర్చోబెట్టారు. రామలింగేశ్వరరావు అన్న పేరు వాళ్ల అట్టముక్కలో పట్టలేదు, అందుకని 'రామ్' అని రాసి మెడలో వేశారు. మా బల్లకు అబిగేయిల్ అని ఒక అమ్మాయిని పెట్టారు. అందరిచేతా మాట్లాడించడం, చెప్పింది రంగు చీటీల మీద రాసి అట్ట మీద అంటించడం ఆమె పని. గోడకు ఇంకో పెద్ద కాగితం ఉండేది. దానికి 'పార్కింగ్' అని పేరు. ఎవరికీ నచ్చని ప్రశ్న అడిగితే ఆ అమ్మాయి నవ్వుతూ అందులో రాసేది. ఇక అంతే సంగతులు. "మా ఆస్పత్రిలో ముసలివాళ్లు మంచాలు దొరక్క రెండేసి రోజులు ట్రాలీల మీద పడి ఉంటున్నారు. ఓటు వేసి ఎవరిని దింపితే అది ఆగుతుంది?" అని నేను అడిగాను. "గ్రాండ్, రామ్!" అంది, భేష్ అన్నట్టు. పార్కింగ్‌లోకి పోయింది. ఆరు శని, ఆదివారాలు అయ్యేసరికి ఆ గోడ మీద సగం దేశం పార్క్ చేసి ఉంది.

పండితులు వచ్చి బొమ్మలు వేసి చెప్పారు. ఇక్కడి ఊరి కౌన్సిళ్లకు అధికారాలు ఎంత తక్కువో ఒకాయన గంటసేపు చెప్పాడు. పౌరసత్వం లేకపోయినా నీకు కౌన్సిల్ ఓటు ఉందిగా, బస్సుస్టాపు మీద కప్పు వేయిస్తానన్న ఆవిడకు వేశావు కూడా. ఆ కౌన్సిల్‌కు ఊరి మీద ఎంత అధికారం ఉందో తెలుసా? మన ఇంట్లో నాకు ఉన్నంత. ఆ కప్పు ఇప్పటికీ పడలేదు.

అయినా సరే, అయిదో అంశం కోసం నేను ఓపిక పట్టాను. అది నీ అంశం. పదేళ్లకు పైబడి ఇక్కడ నివసిస్తున్నవాళ్లకు, పాస్‌పోర్టు ఏ దేశానిదైనా, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఇవ్వాలా వద్దా అన్నది. సదస్సు అవునంటే అది నివేదికలోకి ఎక్కి, తర్వాత దేశమంతటి ముందుకీ వెళుతుంది. కాదంటే అక్కడితో సరి, మళ్లీ ఎన్నేళ్లకో.

మన సంగతి నీకు నేను చెప్పేదేముంది? అయినా రాస్తాను, నా చేత్తో రాయడం అవసరం. నేను పౌరసత్వం తీసుకున్నప్పుడు నిన్ను ఆగమన్నది నేనే. ఇద్దరమూ ఇండియా పాస్‌పోర్టు వదిలేస్తే రేపు తిరిగి వెళ్లినా అక్కడ పొలం కొనడం కుదరదు, ఒకరం అటూ ఒకరం ఇటూ ఉందాం అన్నాను. ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఇళ్లలోనో ఇదే ఏర్పాటు, అటు ఉండేది ఎప్పుడూ ఆడమనిషే. ఆ పొలం ఇప్పటికీ కొనలేదు. పోయిన ఎన్నికలకు నువ్వు రాజమండ్రిలో ఉండి పోలింగ్ బూత్‌కు వెళితే, ఊళ్లో ఉండడం లేదని జాబితాలో నీ పేరు కొట్టేశారన్నారు. ముప్పై ఏళ్లు ఎలక్షన్ డ్యూటీ చేసిన హెడ్మాస్టరు గారి కూతురికి ఇవాళ పార్లమెంటు ఓటు ఏ దేశంలోనూ లేదు. పదహారేళ్లుగా ఈ ఊరి ముసలమ్మలకు ఒళ్లు తోమి, తల దువ్వి, అన్నం తినిపిస్తున్నావు. ఎన్నికల రోజున వాళ్లను చక్రాల కుర్చీలో పోలింగ్ బూత్ దాకా తోసుకెళ్లి బయట నిలబడతావు.

ఇదంతా నాకు తెలియక కాదు. తెలుసు కనకనే రత్నకుమార్ సభకు వెళ్లాను. రత్నకుమార్ ఎవరో చెప్పాలా? మన తెలుగు సంఘం అధ్యక్షుడు, ఎవరి పుట్టినరోజైనా తన ఫోటోయే పెద్దదిగా వేయించుకునే మహానుభావుడు. చివరి వారానికి ముందు లూకన్‌లో చర్చి హాలు అద్దెకు తీసుకుని నాకు సన్మానం పెట్టాడు. వెనకాల గోడ నిండా బ్యానర్, దాని మీద 'ఐర్లాండ్ రాజ్యాంగాన్ని తిరగరాస్తున్న తెలుగు తేజం' అని. చూడగానే పారిపోవాల్సింది. పారిపోలేదు.

"డాక్టరుగారూ, మీరు లోపల మనోళ్ల ఓటు గురించి గట్టిగా ఫైట్ చేస్తన్నారంట కదా సార్. ఆ ముక్క ఒక్కటి మైకులో చెప్పేయండి, వీడియో అదిరిపోద్ది" అన్నాడు.

శాలువా భుజాన ఉండగా మైకు పట్టుకుని, "నా భార్యకు ఓటు తెచ్చి తీరుతాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ వీడియో నీకూ వచ్చిందన్నావు, అక్కకు చూపించానన్నావు. ఆ శాలువాను వంటింటి అలమరలో పై అరలో, పాత గిన్నెల వెనక్కి తోసేశాను.

ఇప్పుడు డోనల్ గురించి. మా బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఆయనది. కార్లో అనే ఊరి దగ్గర గొర్రెలు పెంచుతాడు, డెబ్బై ఏళ్లుంటాయి, చేతులు చెక్క పేళ్లలా ఉంటాయి. తక్కువ మాట్లాడతాడు. రెండో వారమే ఓటు విషయం వచ్చినప్పుడు మొహమాటం లేకుండా అన్నాడు, "ఇక్కడివాడు కావాలంటే అవ్వాలి, అయ్యాక ఓటు వేయాలి. రామ్‌ను చూడండి. ఎండనకుండా, వాననకుండా లైన్లో నిలబడ్డాడు. ఇప్పుడు మాలో ఒకడు" అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఉమా, ఆ చెయ్యి నా భుజం మీద ఎంత బాగుందో నీకు చెప్పాలి. పద్నాలుగేళ్లుగా ఆ ఆస్పత్రిలో రిజిస్ట్రారునే, కన్సల్టెంట్ల కింద పనిచేసే డాక్టరునే. నా తర్వాత వచ్చినవాళ్లు, నేను కుట్లు వేయడం నేర్పినవాళ్లు కన్సల్టెంట్లు అయ్యారు. క్రిస్మస్ విందులో నన్ను ఇప్పటికీ 'మన ఇండియన్ మిత్రుడు' అనే పరిచయం చేస్తారు. 'మాలో ఒకడు' అని ఈ దేశంలో నాతో అన్న మొదటి మనిషి ఆ గొర్రెల కాపరి. ఆ మాట కోసం నేను అంత ఆకలితో ఉన్నానని నాకే తెలియదు.

తర్వాత వారాల్లో డోనల్ ఏమంటాడో చూసుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. అబిగేయిల్ నా అభిప్రాయం అడిగితే "రెండు వైపులా న్యాయం ఉంది" అనేవాణ్ణి. ఆసుపత్రిలో పైవాళ్ల దగ్గర అలవాటైన మాటే అది. ఒకరోజు భోజనాల దగ్గర డోనల్ "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగితే నీ గురించి అంతా చెప్పాను. నర్సింగ్ హోమ్, రాజమండ్రి జాబితా, చక్రాల కుర్చీ, అన్నీ. నీ కోసం వాదించాలని చెప్పలేదు. మాటల్లో పడి చెప్పాను. ఆయన చేప ముక్క అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేశాడు. ఆయనకు నచ్చలేదేమో, ఎక్కువ వాగానేమో అని భయపడ్డాను.

ఓట్ల రోజు వచ్చింది. అక్కడ తెర లేదు, అట్టపెట్టె గది లేదు. కాగితాలు పంచి, బల్ల దగ్గరే చేత్తో కప్పుకుని నింపమన్నారు. అయిదో అంశం సులువుగా నెగ్గుతుందని అందరూ అనుకుంటున్నారు, పొద్దున కాఫీ దగ్గర పండితుడొకాయన డెబ్బై శాతం అని కూడా అన్నాడు. ఎలాగూ నెగ్గేదానికి నా ఒక్క ఓటు లేకపోతే ఏం అనుకున్నాను. ఆ మాట నిజమే. కాని దాని కింద ఇంకొకటి ఉంది. నేను రుసుములు కట్టి, ఫారాలు నింపి, ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్నది అందరికీ ఊరికే ఇచ్చేస్తారా అన్న కుళ్లు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లను చూసి ఎన్నిసార్లు తిట్టుకున్నానో. అగ్గిపుల్ల నా జేబులోనే ఉంది.

'వద్దు' అన్న గడిలో గుర్తు పెట్టాను.

అంతటితో ఆగినా బాగుండేది. మీ నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చిన ప్రతిసారీ ఒక మాట అనేవారని చెబుతావు చూడు, "ఓటు చూడకూడదు, చూపకూడదు" అని. నేను చెయ్యి తీసేశాను. కాగితాన్ని కొద్దిగా, ఒక అంగుళం, డోనల్ వైపు జరిపాను. ఆయన చూడాలని. చూసి, వీడు మావాడేనని మళ్లీ ఒకసారి అనుకోవాలని. ఆయన చూశాడు. తన కాగితం మీద అరచెయ్యి కప్పుకుని రాసుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి లెక్క చదివారు. అవును నలభై అయిదు. వద్దు నలభై ఆరు.

 హాల్లో అందరూ అయ్యో అన్నారు. మా బల్ల దగ్గర ఒక్కొక్కరూ తాము అవును అన్నామని చెప్పుకొచ్చారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. నేనూ చెప్పాను, ఉమా. ఎవరూ అడక్కుండానే, "నేను అవును అనే వేశాను" అన్నాను. అబిగేయిల్ నా చెయ్యి పట్టుకుని "ఐ యామ్ సో సారీ, రామ్" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. నేను ఆ ఓదార్పు కూడా తీసుకున్నాను. నా మీద నాకు అసహ్యం మొదలైంది ఓటు దగ్గర కాదు, అక్కడ.

కోట్లు తగిలించుకునే చోట డోనల్ నా కోసం ఆగి ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని నలుపుతున్నాడు.

"రామ్, నేను అవును అనే వేశాను. మీ ఆవిడ సంగతి విన్నాక వేరేలా వేయలేకపోయాను. మా అమ్మను చివరి రెండేళ్లూ కడిగి పడుకోబెట్టింది ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఆమెకు ఓటు ఉందా అని ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు" అన్నాడు.

నేను కోటు కోసం చెయ్యి చాపాను.

"నీ కాగితం నా కంట పడింది. చూడకూడదు, క్షమించు. నువ్వు పొరపాటున పక్క గడిలో పెట్టావనుకున్నాను. మోచేత్తో పొడిచి చెబుదామనుకున్నాను. ఓటు విషయంలో మనిషికి అడ్డం పోకూడదు కదా అని ఊరుకున్నాను. చెప్పి ఉండాల్సింది. తప్పు నాది" అన్నాడు.

ఆ ముసలాయన తప్పు తన మీద వేసుకుని, టోపీ పెట్టుకుని, వానలో తన బండి వెతుక్కుంటూ పోయాడు. పొరపాటు కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేను వద్దంటాడని భయపడిన మనిషి నీకు ఓటు వేశాడు. నీకు వేస్తాడని నువ్వు ఊళ్లో చెప్పుకున్న మనిషి వేయలేదు. తేడా ఒక్క ఓటు. లెక్కలో నేను ఎప్పుడూ పూర్, ఈ లెక్క మాత్రం కారులో, వార్డులో, స్నానం చేస్తూ, రోజూ చేస్తున్నాను. నేను అటు వేసి ఉంటే నలభై ఆరు, నలభై అయిదు. ఎన్నిసార్లు చేసినా అంతే వస్తోంది.

ఆ సాయంత్రమే నువ్వు ఫోన్ చేశావు. "మీరు నాకే వేశారు కదండీ" అని నవ్వావు. నీది ప్రశ్న కూడా కాదు. "వేశాను, కొద్దిలో పోయింది" అని చెప్పి, వదినగారి మోకాలు గురించి అడిగాను. నువ్వు "పోనీలెండి, మీరు ప్రయత్నం చేశారు, అది చాలు" అన్నావు. ముప్పై రోజులు నన్ను తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఆ సదస్సును ఇన్ని పేజీలు తిట్టాను చూడు. అబిగేయిల్‌ను, పార్కింగ్ కాగితాన్ని, రత్నకుమార్ బ్యానర్‌ను. వాళ్లెవరూ నీకు ద్రోహం చేయలేదు. ఆ తొంభై ఒక్క మందిలో నీ పేరు, నీ కథ, నీ చేతి వంట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నీ పౌరసత్వం ఫారం సొరుగులోనే ఉంది. ఇండియా పాస్‌పోర్టు వదులుకోవాలా, ఉంచుకోవాలా అన్నది నీ ఇష్టం. ఈసారి కాగితం నీ చేతిలోంచి తీసుకోను. నువ్వు వచ్చాక నాతో ఎలా ఉండాలన్నదీ నీ ఇష్టమే. మాట్లాడకపోయినా, ఎయిర్‌పోర్టుకు కారు తీసుకుని వస్తాను.

ఇదంతా ఇవాళ ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. నా అంతట నాకు అంత ధైర్యం లేదు. నిన్న పొద్దున సహస్ర టోస్టు తింటూ నివేదిక వార్త ఫోన్లో చదివింది. "వన్ వోట్? హూ వుడ్ వోట్ అగెయిన్స్ట్ మామ్?" అంది. "ఎవరో" అన్నాను. అది నా మొహం చూసింది. నీ పోలిక దానికి కళ్లలోనే వచ్చింది. టోస్టు పక్కన పెట్టి చూస్తూనే ఉంది. ఇక దాచలేక చెప్పేశాను, కాగితం జరిపిన సంగతితో సహా.

అరుస్తుందనుకున్నాను. తలుపు దభాలున వేసుకుని పోతుందనుకున్నాను. ఆ పిల్ల నాతో తెలుగులో ఒక్క వాక్యం మాట్లాడి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల, ప్లేటు తీసి సింకులో పెట్టి, నా వైపు తిరక్కుండానే అంది:

"అమ్మకి నువ్వే చెప్పాలి నాన్నా. నేను చెప్పను."

చెప్పాను, ఉమా.

ఇట్లు,
ఓటు చూపించుకున్నవాడు,
సహస్ర నాన్న